కుంటకు ఎంత నీరు వచ్చును? నేలపై ఏమున్నదో చూచి లెక్క కట్టుట

పొలములో కుంట త్రవ్వించదలచినవారు మొదట “వాన ఎంత కురియును?” అని అడుగుదురు. అది అవసరమే గాని అంతటితో చాలదు. కురిసిన దానిలో ఎంత ఇంకును, ఎంత పారును అనునది నేల స్వభావముపైనను, ఆ నేలపై ఏమున్నదో దానిపైనను ఆధారపడియుండును. ఈ లెక్క తప్పినచో కుంట నిండకపోవచ్చును. లేదా అలుగు చాలక కట్టయే తెగిపోవచ్చును.

వట్టి నేలపై చినుకులు బలముగా పడినపుడు మన్ను చెదరి, సన్నని రేణువులు నేలలోని రంధ్రములను పూడ్చివేయును. పైన పెచ్చు కట్టును. ఎర్ర చెల్కలలో ఈ బాధ ఎక్కువ. గడ్డి, ఆకు, చెత్త ఉన్నచోట చినుకు దెబ్బ తగ్గి, నీరు నిదానించి ఇంకును.

దీనిని అంచనా వేయుటకు అమెరికా భూసంరక్షణ శాఖవారు 1950 దశకములో ఒక పద్ధతిని ఏర్పరచిరి. మన దేశములోను అది వాడుకలో నున్నది. నీరు ఇంకు గుణమును బట్టి నేలలు ఏ, బి, సి, డి అని నాలుగు తరగతులు. బాగుగా ఇంకు ఇసుక నేల ‘ఏ’. బరువైన నల్లరేగడి ‘డి’. నేలను, దానిపై నున్న కప్పును కలిపి చూచి ఒక అంకె నిత్తురు. దీనినే కర్వ్ నంబరు అందురు. అంకె 100కు దగ్గరయిన కొలది ఎక్కువ నీరు పారును.

‘సి’ తరగతి నేల ఒక మాదిరి తడిగా నున్నపుడు ఒక దినమున 75 మి.మీ. (సుమారు 3 అంగుళములు) వాన కురిసినచో, పారు నీరు సుమారుగా ఇట్లుండును:

వట్టి దుక్కి — అంకె 91 — 51 మి.మీ.
వాలు చూడక వేసిన సాళ్ళ పైరు — 88 — 45 మి.మీ.
వాలుకు అడ్డముగా వేసిన సాళ్ళ పైరు — 84 — 38 మి.మీ.
అడ్డ సాళ్ళు, గట్లు రెండును ఉన్న పైరు — 80 — 31 మి.మీ.
పశువులు కొరికివేసిన బీడు — 86 — 41 మి.మీ.
దట్టమైన పచ్చిక — 74 — 22 మి.మీ.
ఆకు రాలి కప్పియున్న మంచి అడవి — 70 — 17 మి.మీ.

ఎకరముపై 1 మి.మీ. నీరనగా సుమారు 4 ఘనపు మీటర్లు. కావున పై వానకు వట్టి దుక్కి ఎకరము 200 ఘనపు మీటర్లకు పైగా పంపును. పచ్చిక ఎకరము 90 మాత్రమే పంపును.

మీరు చేయవలసినవి:

1. కుంటకు నీరు వచ్చు మెరకనంతటిని నడచి చూడుడు. దుక్కి, పైరు, బీడు, చెట్లు ఎన్నెన్ని ఎకరములో వేరువేరుగా వ్రాసికొని, విడివిడిగా లెక్కించి కూడవలెను.

2. పేరు చూచి మోసపోవలదు. మేతకు అరిగిపోయిన పచ్చికను బీడుగానే లెక్కింపవలెను.

3. ఋతువును గమనింపుడు. జూన్‌లో దుక్కిగా నున్న చేను సెప్టెంబరులో పైరుతో నిండియుండును. అలుగు వెడల్పును వట్టి నేల లెక్కన నిర్ణయింపవలెను. కుంట నిండునా అనునది పైరు, పచ్చికల లెక్కన చూచుకొనవలెను. ఒకే లెక్కతో రెండు పనులు చేయరాదు.

నీరు ఎక్కువ వచ్చునని నేలను వట్టిగా వదలుట మాత్రము తగదు. ఆ నీటితో మీ చేని మంచి మన్ను కూడ వచ్చి, కొలది ఏండ్లలో కుంటను పూడ్చివేయును. కప్పు గల నేల తక్కువ నీరు పంపినను తేట నీరు పంపును.