మిత్రగోష్ఠి

సాహిత్య రచన ఏకాంతంలో సాగే తపస్సు అని సాధారణంగా భావిస్తారు. ఆ తపస్సు ఫలించడానికి సహృదయుల సాంగత్యం ఎంతగా తోడ్పడుతుందో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో వెలసిన ఒక మిత్రబృందం చరిత్ర తెలియజేస్తుంది. ఆ బృందం పేరు ఇంక్లింగ్స్. లీలగా తోచే ఊహలు అని ఆ మాటకు అర్థం. సిరాతో కాలక్షేపం చేసేవారు అనే చమత్కారం కూడా అందులో ఇమిడి ఉంది.

ఈ బృందానికి కేంద్రం సి.ఎస్. లూయిస్ (1898–1963). ఆయన 1925 నుంచి 1954 వరకు మాడ్లెన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించాడు. తాను కోరుకునే ఆదర్శ దినచర్యను 1955లో వెలువడిన తన ఆత్మకథలో ఆయన వర్ణించాడు. ఉదయం ఎనిమిదికి అల్పాహారం, తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు రచన, పఠనం, రెండు గంటలకల్లా నడక, నాలుగుంబావుకు తేనీరు, అయిదు నుంచి ఏడు వరకు తిరిగి పని. భోజనం చేస్తూ చదువుకోవడం ఆయనకు ఎంతో ఇష్టం. నడుస్తూ మాట్లాడడం మాత్రం ప్రకృతి శోభను చెడగొడుతుందని ఆయన అభిప్రాయం.

అయినా ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది నడకలో సాగిన ఒక సంభాషణే. తెలుగువారికి శరత్తంటే వెన్నెల. ఇంగ్లండులో అది ఆకులు రాలే కాలం. 1931 సెప్టెంబరు 19 రాత్రి లూయిస్ తన మిత్రులు జె.ఆర్.ఆర్. టోల్కీన్, హ్యూగో డైసన్‌లతో కలిసి కళాశాల తోటలోని అడిసన్స్ వాక్ అనే బాటలో నడిచాడు. పురాణగాథలు అందమైన అబద్ధాలా, సత్యానికి వాహికలా అన్నది వారి చర్చ. అంతలో నిశ్చలమైన ఆ రాత్రివేళ హఠాత్తుగా గాలి వీచింది. జలజల రాలిన ఆకుల సవ్వడి విని వారు వాన కురుస్తోందనుకున్నారు. చర్చ తెల్లవారుజాము వరకు సాగింది. లూయిస్ క్రైస్తవ విశ్వాసాన్ని స్వీకరించడానికి ఆ రాత్రి దోహదం చేసింది.

1930వ దశకం నుంచి 1949 వరకు గురువారం రాత్రులు లూయిస్ గదిలో గోష్ఠి జరిగేది. నియమావళి లేదు, అధ్యక్షుడు లేడు. అందరికీ తేనీరు అందేది, పొగగొట్టాలు వెలిగేవి. చదివి వినిపించడానికి ఎవరైనా ఏమైనా తెచ్చారా అని లూయిస్ అడిగేవాడు. ఒకరు తమ రాతప్రతిని విప్పేవారు. బాగున్నదానిని మనసారా మెచ్చుకునేవారు. బాగులేనిదానిని నిర్మొహమాటంగా ఖండించేవారు. మంగళవారం ఉదయం ఈగిల్ అండ్ చైల్డ్ అనే పానశాలలో కలుసుకుని ముచ్చటించేవారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బ్రిటనులో ఆహారపదార్థాలకు రేషను కొనసాగింది. ఆ కరవు రోజులలో అమెరికా నుంచి ఒక వైద్యుడు పంపిన పంది మాంసం మిత్రులందరికీ విందయింది.

విమర్శ వారికి ఎంత మేలు చేసిందో ఒక ఉదాహరణ చాలు. 1929 చివర టోల్కీన్ తన అసంపూర్ణ కథాకావ్యాన్ని లూయిస్‌కు ఇచ్చాడు. లూయిస్ పద్నాలుగు పుటల విమర్శ రాశాడు. ఆ కావ్యం ప్రాచీన గ్రంథమైనట్లు, కల్పిత పండితులు దాని పాఠాంతరాలను చర్చిస్తున్నట్లు హాస్యం జోడించాడు. టోల్కీన్ చాలా భాగాలను తిరిగి రాశాడు.

అన్ని విమర్శలూ మేలు చేయలేదు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' డైసన్‌కు రుచించలేదు. అతడు వచ్చిన రోజున ఆ పఠనం ఆగిపోయేది. లూయిస్ ప్రోత్సాహమే లేకుంటే ఆ నవల పూర్తయ్యేది కాదని టోల్కీన్ స్వయంగా అంగీకరించాడు. అది 1954–55లో వెలువడింది. అదే టోల్కీన్‌కు లూయిస్ రాసిన నార్నియా కథలు నచ్చలేదు. లూయిస్ నిరుత్సాహపడక ఏడు సంపుటాలూ పూర్తిచేశాడు.

ఏ విమర్శను స్వీకరించాలో, దేనిని దాటి ముందుకు సాగాలో తెలుసుకోవడమే రచయితకు అసలైన పరీక్ష. ఆ వివేకం మిత్రుల నడుమనే అలవడుతుంది.

అర్థాలు
సహృదయులు = కావ్యరసం ఎరిగినవారు
వాహిక = మోసుకొనిపోయేది
పాఠాంతరం = ఒకే రచన వేరువేరు ప్రతులలో కనిపించే భేదం

ప్రశ్నలు
1. ఇంక్లింగ్స్ గోష్ఠి జరిగే తీరును వివరించండి.
2. విమర్శ రచయితకు ఎప్పుడు మేలు చేస్తుంది? పాఠం ఆధారంగా చర్చించండి.
3. 1931 సెప్టెంబరు 19 రాత్రి మిత్రులు దేనిని గురించి చర్చించారు?