కంప్యూటరు తెరపై దొంగ పోలీసు

గత వేసవిలో నేనొక పంచాయతీ కార్యాలయమునకు వెళ్ళినప్పుడు అచ్చటి కంప్యూటరుపై తువ్వాలు కప్పియుండుట చూచితిని. చెడిపోయినదా యని అడుగగా, దానిని నడపు యువకుడు కొంతసేపు మాటలాడలేదు. తుదకు మెల్లగా, "తెర మీద పోలీసు ముద్ర వచ్చిందండి. నేరం చేశావు, జరిమానా కట్టమంది. ఎవరికి చెప్పినా నన్నే అనుమానిస్తారని ఊరుకున్నాను" అనెను. అప్పటికి మూడు దినములుగా ఆ గ్రామములో పన్ను రసీదులు, ధ్రువపత్రములు నిలిచిపోయియున్నవి. సర్పంచిగారికి సంగతి తెలియదు. తీరా తువ్వాలు తీసి చూడగా అది తెరనంతను ఆక్రమించిన ఒక వెబ్ పేజీ మాత్రమే. రెండు మూడు మీటలు నొక్కగనే తొలగిపోయినది. మూడు దినములు పని ఆగినది ఆ యువకుని భయము చేతనే.

ఇట్టి మోసము మన దేశములో పుట్టినది కాదు. 2011, 2012 సంవత్సరములలో ఐరోపా దేశములందు 'రెవెటన్' అను ప్రోగ్రాము వ్యాపించినది. కంప్యూటరును బంధించి, విడుదలకు సొమ్ము కోరు ఇట్టి ప్రోగ్రాములకు రాన్సమ్‌వేర్ అని పేరు. రెవెటన్ చేసిన పని చిత్రమైనది. కంప్యూటరు ఏ దేశములో నున్నదో అది ముందుగా కనిపెట్టును. జర్మనీలో జర్మను పోలీసు ముద్రను, లండనులో మెట్రోపాలిటన్ పోలీసు ముద్రను, అమెరికాలో ఎఫ్.బి.ఐ. ముద్రను ఆయా దేశ భాషలో తెరపై నిలుపును. "నీవు అశ్లీల చిత్రములు చూచితివి, దొంగ సినిమాలు దింపుకొంటివి" అని నేరము మోపును. ఐరోపాలో 100 యూరోలు, అమెరికాలో 200 డాలర్లు ముందుగా కొనిన చెల్లింపు కార్డుల ద్వారా కట్టుమనును. కొన్ని కంప్యూటర్లలో కెమెరాను తెరచి, చూచువాని ముఖమునే తెరపై చూపెడిది. తన ముఖము పోలీసు ముద్ర ప్రక్కన కనబడినచో ఎంత నిర్దోషికైనను గుండె జారక మానదు గదా!

2013 ఫిబ్రవరిలో స్పెయిను పోలీసులు, ఐరోపా పోలీసు సంస్థయైన యూరోపోల్ సహాయముతో ఈ ముఠాలో పలువురిని పట్టుకొనిన సంగతి ప్రకటించిరి. ముఠా రాబడి సాలీనా 10 లక్షల యూరోలకు పైమాట. ఇదే మోసములో పాలుగొనిన లండను విద్యార్థి యొకనికి 2019 ఏప్రిలులో ఆరు సంవత్సరముల అయిదు నెలల శిక్ష పడినది. 2014 నాటికే ఈ వేషము సెల్‌ఫోనులలోనికిని ప్రవేశించినది.

మన దేశములో దీని ఫలితమెంత ఘోరమైనదో ఒక్క ఉదాహరణము చాలును. 2023 సెప్టెంబరులో కేరళ రాష్ట్రమందలి కోళిక్కోడులో పదునారేండ్ల విద్యార్థి లాప్‌టాప్‌పై జాతీయ నేర రికార్డుల సంస్థ పేరుతో దొంగ హెచ్చరిక వచ్చినది. ఆరు గంటలలో 33,900 రూపాయలు కట్టనిచో అరెస్టు తప్పదని అందులో నుండెను. ఆ బాలుడు ఇంట చెప్పుకొనలేక ప్రాణము తీసికొనెను. ఈ మోసగాండ్రు మన సిగ్గును ఆసరా చేసికొందురు. పరువు పోవునను భయముతో మనిషి ఒంటరియగును. ఒంటరియైనవాడు సొమ్ము కట్టును, లేదా ఇంతకు తెగించును. కావున గ్రామములో ఎవరైనను ఇట్టి సంగతి చెప్పుకొనవచ్చినప్పుడు, "నీవేమి చూచితివి?" అని ముందుగా ప్రశ్నింపకుడు. ఆ ప్రశ్న ఒక్కటే వారి నోరు మూయించును.

చట్టము విషయము సభ్యులకు స్పష్టముగా తెలిసియుండవలెను. నేరమునకు జరిమానా విధించునది న్యాయస్థానము. కంప్యూటరును బంధించి, గడువు పెట్టి సొమ్ము వసూలు చేయు అధికారము ఏ పోలీసు అధికారికిని లేదు. విచారణకు హాజరు కమ్మను పోలీసు నోటీసును వాట్సాప్ ద్వారా పంపుట చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినది. 'డిజిటల్ అరెస్టు' అనునది మన చట్టములో ఎచ్చటను లేదు. వాహనముల చలానాలు ఫోనుకు వచ్చుమాట నిజమే గాని, వాటిని ప్రభుత్వ వెబ్‌సైటులో మనమే సరిచూచుకొనవచ్చును. చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చు ఏ.పి.కె. ఫైలును మాత్రము తెరువరాదు. ఫోనులో దొంగ ప్రోగ్రామును చొప్పించునది అదియే.

తెరపై ఇట్టి ముద్ర కనబడినప్పుడు మొదట దానిని మరియొక ఫోనుతో ఫొటో తీయవలెను. ఫిర్యాదుకు అదియే సాక్ష్యము. అందులోని నంబరునకు ఫోను చేయరాదు. ఎస్కేప్ మీటను కొన్ని క్షణములు అదిమిపట్టి, పిమ్మట ఆల్ట్, ఎఫ్4 మీటలను కలిపి నొక్కిన పేజీ సాధారణముగా మూతపడును. బ్రౌజరును మరల తెరచినప్పుడు పాత పేజీలను తెరువుమా యని అడిగిన వలదనవలెను. ఫోనైనచో సేఫ్ మోడ్‌లో తెరచి, క్రొత్తగా చేరిన అనుమానపు యాప్‌ను తీసివేయవలెను.

ఫైళ్ళే తెరచుకొనక, వాటి పేర్లు మారిపోయినచో అది వేరు జాతి. ఫైళ్ళను రహస్య లిపిలోనికి మార్చివేయునట్టిది. అప్పుడు నెట్ తీగను వెంటనే ఊడదీసి, యంత్రమును చెరిపివేయక, మండల కార్యాలయమునకు తెలుపవలెను. 2016లో యూరోపోల్, నెదర్లాండ్సు పోలీసులు మరి రెండు కంపెనీలతో కలిసి ప్రారంభించిన 'నో మోర్ రాన్సమ్' వెబ్‌సైటులో కొన్ని జాతులకు విరుగుడు ఉచితముగా లభించును. సొమ్ము కట్టినను ఫైళ్ళు తిరిగి వచ్చునను భరోసా లేదు. ఈ పీడకు పోలీసులును అతీతులు కారు. 2017 మే నెలలో 'వన్నాక్రై' ప్రపంచమును చుట్టినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కినవి. దాని నరికట్టు సవరణను మైక్రోసాఫ్ట్ కంపెనీ రెండు నెలల ముందే విడుదల చేసియుండెను! అప్‌డేట్ వచ్చినప్పుడెల్ల 'తరువాత' అని నొక్కు మన కార్యాలయముల అలవాటును ఈ సందర్భమున జ్ఞాపకము చేయక తప్పదు.

పంచాయతీ రికార్డుల నకలు వారమున కొకసారి వేరొక హార్డ్ డిస్కులోనికి తీసి, తీగ ఊడదీసి బీరువాలో నుంచవలెను. కంప్యూటరుకు తగిలించియే యుంచిన నకలు అసలుతో పాటే పోవును. చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు పరికరమును పని ముగియగనే తీసి, ఎవరిది వారు భద్రపరచుకొనవలెను.

సొమ్ము కట్టివేసిన పిమ్మట తెలిసినను ఆలస్యము చేయరాదు. 1930 నంబరునకు వెంటనే ఫోను చేసినచో, ఆ సొమ్ము చేరిన ఖాతాను స్తంభింపజేయు అవకాశము కలదు. పిమ్మట జాతీయ సైబర్ నేరముల వెబ్‌సైటులో గాని, పోలీసు స్టేషనులో గాని ఫిర్యాదు చేయవలెను. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారము, నేరము ఎచ్చట జరిగినను ఏ స్టేషనులోనైన ఫిర్యాదు ఇయ్యవచ్చును. "ఇది మా పరిధి కాదు" అని త్రిప్పిపంపినచో సభ్యులు ఆ సెక్షనును మర్యాదగా గుర్తుచేయవచ్చును.

ముందు చెప్పిన గ్రామములో సర్పంచిగారు ఆ యువకుని కోపింపలేదు. తరువాతి గ్రామసభలో జరిగినది జరిగినట్లు చెప్పుమని అతనినే నిలువబెట్టిరి. అతడు చెప్పి ముగించిన పిమ్మట వెనుక వరుసలోనుండి ఒక పెద్దాయన లేచి, తన మనుమని ఫోనులోను అట్టిదే వచ్చినదనియు, ఇంట ఎవరికిని తెలియకుండ నాలుగువేలు కట్టినామనియు చెప్పెను.