ఇంటర్‌ఫియరెన్స్ టికెట్: ముందు గ్రాఫ్, తర్వాతే టవర్

ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, కాల్ మాత్రం తెగిపోతుంది. ఇలాంటి టికెట్ మీ మీద పడితే సాయంత్రంలోగా క్లోజ్ చేయమని పై నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆ తొందరలో రిగ్గర్‌ను టవర్ ఎక్కించి యాంటెనా మార్పిస్తే రోజు పోతుంది, లోపం పోదు.

ముందు అప్‌లింక్ నాయిస్ గ్రాఫ్ తీయండి. ఎల్‌టీఈలో ఒక్కో రిసోర్స్ బ్లాక్‌కు థర్మల్ నాయిస్ మైనస్ 121 డీబీఎం. రిసీవర్ సొంత నాయిస్ కలుపుకొని మైనస్ 118 దగ్గర ఉండాలి. మైనస్ 105 కనిపిస్తే రాకూడనిదేదో లోపలికి వస్తోంది.

నాయిస్ ట్రాఫిక్‌తో పాటు పెరిగి తెల్లవారుజామున తగ్గుతుంటే పిమ్‌ను (పాసివ్ ఇంటర్‌మాడ్యులేషన్) అనుమానించండి. వదులు కనెక్టర్ దగ్గరో, తుప్పు పట్టిన క్లాంప్ దగ్గరో డౌన్‌లింక్ క్యారియర్లు కలిసి కొత్త ఫ్రీక్వెన్సీలను పుట్టిస్తాయి. ఉదాహరణకు 1810, 1870 మెగాహెర్ట్జ్ క్యారియర్లు ఒకే టవర్‌పై ఉన్నాయనుకోండి. 1810ని రెండింతలు చేసి 1870 తీసేస్తే 1750. అది సరిగ్గా 1800 బ్యాండ్ అప్‌లింక్‌లో పడుతుంది. ట్రాఫిక్ లేని వేళ డౌన్‌లింక్‌పై కృత్రిమ లోడ్ పెట్టి చూడండి. నాయిస్ లేస్తే పిమ్ అనుమానం బలపడినట్టే. ఒక్క పోర్ట్‌లోనే లేస్తే ఆ జంపర్‌తో మొదలుపెట్టండి. కనెక్టర్ విప్పి లోహపు పొడి, తేమ తుడిచి, టార్క్ రెంచ్‌తోనే బిగించండి: 7/16 డిన్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 4.3-10 రకానికి 5. చేతి అంచనాను నమ్మొద్దు.

నాయిస్ రోజంతా ఒకేలా ఉన్నా, షాపులు తెరిచే వేళకు మొదలై మూసే వేళకు ఆగుతున్నా చుట్టుపక్కల ఎవరో పెట్టుకున్న సిగ్నల్ బూస్టర్‌ను (రిపీటర్) అనుమానించండి. మీ క్యారియర్ ఆపినా తగ్గకపోతే మూలం బయటే ఉంది. యాగీ యాంటెనా, స్పెక్ట్రమ్ అనలైజర్ తీసుకెళ్లండి. రెంటి మధ్య అప్‌లింక్ ఫిల్టర్ తప్పనిసరి. అది లేకపోతే డౌన్‌లింక్ పవర్‌కు అనలైజర్ ఓవర్‌లోడై లేని సిగ్నల్‌ను చూపిస్తుంది. రెండు మూడు మేడల మీంచి దిశలు పట్టి మ్యాప్‌పై గీస్తే వీధి తేలుతుంది. బూస్టర్ దొరికితే వైరు పీకొద్దు, యజమానితో గొడవ పడొద్దు. అనుమతి లేని రిపీటర్ చట్టవిరుద్ధమే కానీ, దాని సంగతి చూడాల్సింది టెలికాం శాఖలోని వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్. లొకేషన్, ట్రేస్ జతచేసి మీ కంపెనీ ద్వారా ఫిర్యాదు పంపించండి.

పీ-జీరో (ఫోన్ల అప్‌లింక్ పవర్‌ను నిర్ణయించే సెట్టింగ్) పెంచి కేపీఐ బాగుచేయమని ఎవరైనా ఒత్తిడి చేస్తే ఒప్పుకోవద్దు. ఫోన్లు ఎక్కువ పవర్‌తో పంపుతాయి, పక్క సెల్స్‌లో నాయిస్ పెరుగుతుంది, ఆ టికెట్లూ మీకే వస్తాయి.

పనికి ముందు, తర్వాత 24 గంటల గ్రాఫ్‌లు జతచేశాకే టికెట్ క్లోజ్ చేయండి. అదే సైట్ మళ్లీ తెరుచుకున్నప్పుడు మీ మాట నిలబెట్టేవి అవే.