పుండు పడకముందు

కుష్ఠు నివారణ పథకంలో ఫిజియో టెక్నీషియన్‌గా చేరి, మైదుకూరు చుట్టుపక్కల ఊళ్లలో కాళ్లు చూస్తూనే ఉద్యోగం ముగించినవాణ్ని. పై దేశాల్లో ఈ పనికి ప్రత్యేకమైన చదువుంది, లైసెన్సుంది, చేసేవాళ్లను పోడియాట్రిస్టులంటారు. మన దేశంలోనూ 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో ఆ పేరు చేరింది. మా నాలుగురోడ్ల కూడలిలో మాత్రం ఆ బోర్డు నాకింతవరకు కనబడలేదు. ఈ పనిలోకి రాబోయే పిల్లల కోసం నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

1. నొప్పి లేని కాలినే ముందు చూడాలి.

వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ తేల్చిన సంగతిని మాకు కరిగిరి కుష్ఠు కేంద్రం శిక్షణలో మొదటే చెప్పారు. కుష్ఠు రోగి పాదానికి పుండు పడేది మాంసం చెడి కాదు. స్పర్శ పోయిన చోట రోజూ అదే ఒత్తిడి పడుతుంటే, తెలియక నడిచి నడిచి పడుతుంది. షుగరు రోగి కాలికీ అదే కథ. దువ్వూరు వైపు పసుపు రైతొకాయన నాతో అన్నాడు: "నొప్పే లేదు గదా సార్, మళ్ల ఎందుకు చూసేది?" పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును బొటనవేలి కింద ఆనిస్తే ఆయనకు తెలియలేదు. దారిలో చెప్పు జారిపోయినా తెలియదట. ఆనెకాయ చెక్కి చూస్తే లోపల నెత్తురు చెమ్మ. చేతిలో ఆసుపత్రి చీటీలున్నాయి, షుగరు లెక్కలున్నాయి, మాత్రలు మార్చిన తేదీలున్నాయి. చెప్పులు విప్పమన్నవారు మాత్రం ఒక్కరూ లేరు. కేసీ కాలువ గట్టు తెగినాక ఇసుక మూటలు మోసేవాణ్ని ఊరంతా చూస్తుంది. తెగకముందు బొరియలు పూడ్చేవాణ్ని ఎవరు చూస్తారు?

2. నీ పని పక్కవాడికి తెలియకపోతే సగం తప్పు నీదే.

నన్ను కొందరు 'డ్రెస్సింగాయన' అన్నారు, కొందరు 'చెప్పులాయన' అన్నారు. నవ్వి ఊరుకున్నాను. అది వినయమనుకున్నాను గానీ, ఇప్పుడు చూస్తే బద్ధకమే. సర్జన్ దృష్టిలో నా పని ఆపరేషన్ తర్వాత కట్టు మార్చడం. ఎముకల డాక్టరుకు నేను బూటు కొలతలు తీసేవాణ్ని. ఊళ్లో ఆర్‌ఎంపీకైతే నేనున్నట్టే తెలియదు. సూది వేసి గుడ్డ చుట్టి పంపేవాడు. ఆనెకాయ చెక్కడమూ, పుండు మీద బరువు పడకుండా చేయడమూ వైద్యమేనని వీళ్లలో ఎవరికీ తోచలేదు. తోచేలా నేనూ చెప్పలేదు.

ఒక రోగికి ప్లాస్టర్ కట్టు వేద్దామంటే ఒక యువ సర్జన్ అడిగాడు: "పుండున్న కాలికి ప్లాస్టర్ కట్టేదేంది, లోపల చీము పట్టదా?" పాదానికి అతుక్కునేలా కట్టు వేసి, పుండు మీది బరువును కాలంతటికీ పంచే పద్ధతి అది. నాకు కోపమొచ్చింది, జవాబు చెప్పకుండా వచ్చేశాను. ఆయన భయంలో నిజముంది. చీము పట్టిన కాలికీ, నెత్తురు సరిగా అందని కాలికీ ఆ కట్టు వేయకూడదు. ఆ రోగికి ఆ రెండూ లేవు. ఆ మాట పక్కన కూర్చుని చెప్పుంటే సరిపోయేది. కట్టు పడలేదు. మరుసటి ఏడు పసుపు యార్డు దగ్గర ఆ రోగి కనబడ్డాడు, మోకాలి కింద కొయ్యకాలు. నన్ను చూసి దండం పెట్టాడు. తిట్టుంటే బాగుండేదనిపించింది.

3. రోగిని డాక్టరు దగ్గరికి పంపేటప్పుడు చీటీలో ఉత్త 'కాలు చూడగలరు' అని రాసి పంపొద్దు.

పాదం పైన నాడి అందిందా, స్పర్శ ఎక్కడ పోయింది, పుండులో సలాక పెడితే ఎముక తగిలిందా? ఈ మూడూ రాయి. అవతలి డాక్టరు నీ పని చీటీ చదివే నేర్చుకుంటాడు. నేను ఇది ఆలస్యంగా మొదలుపెట్టాను.

4. చెప్పు కూడా మందే, కానీ ఊరి కళ్లు దాన్ని మందుగా చూడవు.

మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు కుష్ఠు రోగుల పాదాలను ఎంత కాపాడాయో నాకు తెలుసు. వాటినే షుగరు రోగులకిస్తే ఇంటికి తీసుకుపోయి అటక మీద పెట్టారు. నల్లటి ఆ చెప్పు వేసుకుంటే జనం కుష్ఠనుకుంటారని భయం. నేను రబ్బరు గట్టిదనమే చూశాను, రంగూ రూపూ ఆలోచించలేదు. తర్వాత మా చెప్పులు కుట్టే పెద్దాయనే గోధుమరంగు తోలు పట్టీలు వేసి, బజారు చెప్పులా కనబడేట్టు చేశాడు. అప్పుడు తొడిగారు. లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో 1981లో షుగరు పాదాల క్లినిక్ పెట్టినప్పుడు డాక్టరు, సర్జన్, నర్సు, పాదాలు చూసేవాడు, వీళ్లతో పాటు బూట్లు అమర్చేవాణ్నీ కూర్చోబెట్టారు. కాళ్లు తీసేయడం అక్కడ బాగా తగ్గింది. మా పెద్దాయనకు మాత్రం ఆసుపత్రిలో కుర్చీ కూడా వేయలేదు.

ఇంకో మాట. అయ్యప్ప మాల వేసుకుని మండలం రోజులు ఉత్త కాళ్లతో తిరిగే షుగరు రోగులుంటారు. వద్దనకండి, వినరు. గురుస్వామితో మాట్లాడండి, ఆయన చెబితే వింటారు.

5. చేతికి వచ్చిన విద్యను చేతుల్లోనే దాచుకోవద్దు.

2005 చివరికి దేశం మొత్తం మీద కుష్ఠు పదివేలకు ఒకరికంటే తగ్గిందన్నారు. సంతోషమే. మమ్మల్ని మామూలు ఆసుపత్రుల పనుల్లో కలిపేశారు. నేను రిటైరయినాక నా గదిలో మందుల పెట్టెలు పేర్చారు. ఒక్కరికైనా నేర్పి ఉంటే ఆ గది మూతపడేది కాదేమో. ఇప్పుడు ఇంటికొచ్చి అడిగే ఏఎన్‌ఎంలకు చెబుతున్నాను. షుగరున్న ప్రతి ఒక్కరి పాదాలూ ఏడాదికోసారి చూడాలి. పుండు పడి మానిన కాలినైతే నెల నుంచి మూడు నెలల్లోపు మళ్లీ చూడాలి.

మొన్న ఒకమ్మాయి అడిగింది: "పుండు లేదు, జ్వరం లేదు, ఒక పాదం మాత్రం ఎర్రగా వాచి, రెండోదానికన్నా వెచ్చగా ఉండాది. బెణుకనుకోవచ్చా సార్?" స్పర్శ పోయిన షుగరు కాలైతే బెణుకనుకోవద్దన్నాను. లోపల ఎముకలు విరుగుతూ ఉండవచ్చు, మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు. ఆ కాలు నేల మోపనీయకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పంపమన్నాను. చీటీలో రెండు పాదాల వేడిలో తేడా ఉందని మొదటి వరుసలోనే రాయమన్నాను.