కార్డు చెడిందా, క్లాక్ తప్పిందా?



మీ విరాళాలతో బాన్సువాడలో మేము నడుపుతున్న స్టడీ సెంటర్‌లోని చిన్న కంప్యూటర్ బోర్డులకు హార్డ్ డిస్కులు లేవు. పిల్లల పాఠాలు, ప్రాజెక్టులు అన్నీ మెమరీ కార్డులోనే ఉంటాయి. ఈ ఏడాది రెండు బోర్డుల్లో ఫైళ్లు పాడవడం మొదలైంది. ఒక కార్డు పనిచేసేది, మరొకటి తెరుచుకునేదే కాదు. కార్డులు నకిలీవేమో అనుకొని కొత్తవి కొన్నాం. వాటిలోనూ కొన్ని మొరాయించాయి. పదో తరగతి అమ్మాయి సైన్స్ ప్రాజెక్టు పోతే, "నువ్వు సరిగా సేవ్ చేయలేదు" అని ఆమెనే మందలించాం. తీరా "చెడిన" కార్డులను ల్యాప్‌టాప్‌లో పెడితే చక్కగా తెరుచుకున్నాయి.

బోర్డుకూ కార్డుకూ మధ్య కంట్రోలర్ అనే భాగం ఉంటుంది. అది డిక్టేషన్ చెప్పే టీచర్ లాంటిది. క్లాక్ అంటే ఆ చెప్పే వేగం. వేగం హద్దు దాటితే కొందరు పిల్లలు అందుకుంటారు, కొందరు అక్షరాలు వదిలేస్తారు. తప్పు పిల్లలది కాదు.

ఎస్‌డీ కార్డును గుర్తించే తొలి దశలో క్లాక్ 400 కిలోహెర్ట్జ్ మించకూడదు. తర్వాత సాధారణ వేగం 25 మెగాహెర్ట్జ్ వరకు. కార్డు హైస్పీడ్‌కు మారాకే 50. కంట్రోలర్ తన మూల క్లాక్‌ను భాగించి ఈ వేగాలు తయారుచేస్తుంది. మా బోర్డుల మూల క్లాక్ నిజానికి 200 మెగాహెర్ట్జ్. సెట్టింగుల ఫైలులో మాత్రం 100 అని ఉంది. 25 కావాలని 4తో భాగిస్తే వచ్చింది 50. తొలి దశలోనూ 400కు బదులు 800.

తెరపై మాత్రం 25 అనే కనిపించేది. అది సాఫ్ట్‌వేర్ వేసుకున్న లెక్కే గాని కొలత కాదు. దొంగను పట్టించింది గుణకారమే. నాలుగు తీగలపై 25 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు, అంటే 12.5 మెగాబైట్లు. 100 మెగాబైట్ల ఫైలు చదవడానికి కనీసం 8 సెకన్లు పట్టాలి. బోర్డును ఆపి మళ్లీ ఆన్ చేసిన వెంటనే, పనిచేసే కార్డుతో చదివిస్తే 5 సెకన్లలోనే ముగిసింది!

ఇలాంటి చిక్కు వస్తే ఈ వరుసలో చూడండి:

1. అదే కార్డును వేరే యంత్రంలో పరీక్షించండి.
2. కార్డు స్లాట్ శుభ్రంగా ఉందా, విద్యుత్ సరఫరా సరిపోతోందా చూడండి.
3. గరిష్ఠ వేగాన్ని సగానికి తగ్గించండి. తప్పులు ఆగితే అక్కడితో వదిలేయకండి. స్లాట్ లోపం కూడా తక్కువ వేగంలో దాక్కుంటుంది.
4. పైన చెప్పినట్టు ఫైలు చదివే కాలాన్ని లెక్కతో పోల్చండి.

ఫైలులో ఒక్క అంకె సరిదిద్దగానే పక్కన పడేసిన కార్డులన్నీ పనిచేశాయి, అల్‌హందులిల్లాహ్. కొత్త కార్డులకు పెట్టిన ఖర్చు అవసరం లేనిదే. దాతల సొమ్ము మా చేతిలో అమానత్, కనుక ఈ పొరపాటును దాచకుండా రాస్తున్నాం. ఇకపై ఈ పరీక్ష చేయకుండా కొనుగోలు జాబితాలో కార్డు పేరు చేరదు. ఆ అమ్మాయి ఫైలు మాత్రం తిరిగి రాలేదు. తరగతి ముందే ఆమెకు మా తప్పు ఒప్పుకున్నాం.