బొమ్మా? బొరుసా?

వాదం తెగనప్పుడు రూపాయి నాణెం ఎగురవేయడం లోకంలో ఉన్నదే. లోపం లేని నాణెం బొమ్మ పడే సంభావ్యత 1/2. బొరుసు పడే సంభావ్యత కూడా అంతే. ఇందులో ఎవరికీ సందేహం రాదు. చిక్కంతా రెండవసారి ఎగురవేయడంతో మొదలవుతుంది.

రెండు పర్యాయాలలో ఒక్కసారైనా బొమ్మ పడే సంభావ్యత ఎంత? ఈ ప్రశ్నకు 18వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త దలాంబేర్ అంతటివాడే తప్పు సమాధానం చెప్పాడు. దిదెరోతో కలిసి తాను సంపాదకత్వం వహించిన విజ్ఞాన సర్వస్వంలో, 1754లో వెలువడిన సంపుటంలో ఆయన చేసిన వాదన ఇది: మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్లే. కనుక బొమ్మ, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని ఫలితాలు మూడే. అందులో రెండు అనుకూలాలు. కాబట్టి సంభావ్యత 2/3.

వినడానికి సబబుగానే తోస్తుంది. కాని ఆ మూడూ సమాన సంభావ్యత కలవి కావు. మొదటిసారే బొమ్మ పడడానికి 1/2 సంభావ్యత ఉండగా, తక్కిన రెండింటిలో ఒక్కొక్కదానికి 1/2 × 1/2, అనగా 1/4 మాత్రమే ఉంది. అనుకూలమైన వాటిని కూడితే 3/4 వస్తుంది. ఆట ఆపకుండా రెండుసార్లూ ఎగురవేసి నాలుగు ఫలితాలను లెక్కించినా ఇదే సమాధానం.

ఈ తేడా అల్పమైనది కాదు. 2/3 అన్న లెక్కను నమ్మినవాడు, ఒక్క బొమ్మ పడినా రూపాయి ఇచ్చేటట్లు, రెండూ బొరుసులైతే రెండు రూపాయలు పుచ్చుకొనేటట్లు పందెం కాస్తాడు. సగటున నాలుగు ఆటలలో మూడు రూపాయలు ఇచ్చి, రెండే తెచ్చుకుంటాడు.

వరుసగా ఐదు బొరుసులు పడ్డాయి గనుక ఇక బొమ్మ పడక తప్పదనుకోవడం మరొక భ్రమ. పడిన బొరుసులు నాణేనికి గుర్తుండవు. ఆరవసారి కూడా సంభావ్యత 1/2 మాత్రమే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ ఓపికగా నాణేన్ని 10,000 సార్లు ఎగురవేయించి లెక్క వ్రాశాడు. తొలి నూరింటిలో 44 బొమ్మలు పడ్డాయి. సగానికి ఆరు తక్కువ. మొత్తం మీద పడినవి 5,067. సగానికి 67 ఎక్కువ. సంఖ్యలో వ్యత్యాసం పెరిగింది. అయినా నూటికి ఆరుగా ఉన్న వ్యత్యాసం నూటికి ఒకటి కంటె తక్కువకు దిగింది. మొదట తగ్గిన బొమ్మలను నాణెం పనిగట్టుకొని పూడ్చలేదు. వేల ఫలితాల నడుమ ఆ లోటు లెక్కకు రాకుండా పోయింది.