ఈమెయిలు గమ్యమును జేరు విధము

విద్యార్థులారా! టెక్కలిలో తపాలాపెట్టెయందు వేసిన యుత్తరము పలాసలోని యింటికెట్లు చేరునో మీరెఱుఁగుదురు. 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన నేర్పడిన పిన్‌కోడునందు 532 అను నంకెలు శ్రీకాకుళ ప్రాంతమును, 221 అను నంకెలు పలాస తపాలాకచేరిని దెలుపును. ఈమెయిలునకును నిట్టి క్రమమే కలదు.

ఈమెయిలు విలాసమున ‘ఎట్’ అను గుర్తునకుఁ గుడివైపునున్నది యూరిపేరు వంటిది. ఎడమవైపునున్నది యింటివారి పేరు వంటిది. పంపెడు సర్వరు మొదటఁ గుడివైపు పేరునే చూచి, ఆ పేరిట లేఖలఁ గైకొను సర్వరేదియో డి.ఎన్.ఎస్. అను పట్టికవలనఁ దెలిసికొని, దానితో సంభాషించును. ఈ సంభాషణనియమములను జాన్ పోస్టెలను నాతఁడు 1982లో వ్రాసెను.

గైకొను సర్వరు లేఖను వరుసగాఁ బరీక్షించును. ఆ పేరువారు కలరా? పంపిన యంత్రమున కా పేరిటఁ బంపు నధికారము కలదా? లోపల వైరసుగాని మోసపుమాటలుగాని యున్నవా? పిదప లేఖను యజమానుని పెట్టెలోనో, స్పాముపెట్టెలోనో వేయును. పలాసలో జీడిగింజలను గాల్చి, పగులఁగొట్టి, పొట్టు దీసి, తుదకు గుండు, బద్ద, ముక్క యని వేఱుచేయుదురు గదా! ఇచటను వరుస ముఖ్యము. లేనివాని పేరిట వచ్చిన లేఖను లోపల పరిశీలించుట వృథాశ్రమ.

లేఖను స్వీకరించినచో సర్వరు 250 అను సంఖ్యను బలుకును. అటుపిమ్మట దాని బాధ్యత స్వీకరించినదానిదే. కావున లేఖను భద్రపఱచిన పిదపనే యా మాట యనవలెను. 4తో మొదలగు సంఖ్య ‘ఇప్పుడు వీలుకాదు, మరల రమ్ము’ అనియు, 5తో మొదలగునది ‘తీసికొనను’ అనియు నర్థము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస యొద్దఁ దీరముదాఁటినపుడు ఉద్దానమున దినములతరబడి విద్యుత్తు లేకపోయెను. అట్టివేళ దూరముననున్న కుమారుఁడు వ్రాసిన లేఖ యేమగును? గైకొను సర్వరు వేఱొకయూర నున్నచో నచట భద్రముగా నుండును. ఆ సర్వరే మూగవోయినచో, పంపిన సర్వరు లేఖను పాఱవేయక, సాధారణముగా నాలుగైదు దినములు మరలమరల యత్నించి, అప్పటికిని సాగనిచోఁ బంపినవానికిఁ దెలుపును.

తలిదండ్రులారా! ఎదురుచూచు లేఖ రానిచో స్పాముపెట్టెనుగూడఁ జూడుఁడు. విద్యార్థివేతనపు లేఖయైనను నచటఁ బడియుండవచ్చును. తిరిగివచ్చిన లేఖలోని సంఖ్యను జదివిన, కారణము తెలియును. విలాసమున నొక్కయక్షరము తప్పినను లేఖ పరులకుఁ జేరవచ్చును. కావున పంపుటకు ముందే సరిచూచుకొనుఁడు.